చెమట వాసన, సహజ డియోడరెంట్లు, ‘కెమికల్ లేని’ క్రీములు: మా మెడికల్ షాపులో ఎక్కువగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లాలో, పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో మందుల షాపు నడుపుతున్నాను. ఫార్మసీ చదివాను, చర్మ డాక్టర్ని కాదు. ఎండలు ముదిరి ఉక్కపోత మొదలైతే చాలు, ఈ ప్రశ్నలూ మొదలవుతాయి. పక్కన ఎవరైనా నిలబడి ఉంటే అడగలేక, ఏదో ఒక మాత్ర పేరు చెప్పి కొనుక్కుని వెళ్లిపోయే ఆడపిల్లల్ని చూస్తుంటాను. ముఖ్యంగా వాళ్ల కోసమే ఇది రాశాను.

రోజూ రెండుపూటలా స్నానం చేస్తున్నా చెమట వాసన ఎందుకు పోవట్లేదు?

చెమటకి దానంతటదిగా పెద్దగా వాసన ఉండదు. మన ఒంట్లో చెమట గ్రంథులు ముఖ్యంగా రెండు రకాలు. ఒళ్లంతా ఉండే ఎక్రైన్ గ్రంథుల నుంచి వచ్చేది దాదాపు ఉప్పునీరే, ఒంటిని చల్లబరచడం దాని పని. చంకల్లో, గజ్జల్లో ఉండే అపోక్రైన్ గ్రంథులు ఈడొచ్చాకే పని మొదలుపెడతాయి. వాటి చెమటలో కొవ్వులు, మాంసకృత్తులు ఉంటాయి. మన చర్మం మీద మామూలుగా బతికే బ్యాక్టీరియా వాటిని తిని విడగొట్టినప్పుడు ఆ ఘాటు వాసన పుడుతుంది. చిన్నపిల్లలు ఎండలో ఎంత ఆడుకున్నా పెద్దవాళ్లలా వాసన రాకపోవడానికి కారణం ఇదే.

మనది సముద్రానికి దగ్గరి ఊరు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఒక పట్టాన ఆరదు. తడి, వెచ్చదనం ఉన్నచోట బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. అందుకే నేను మొదట చెప్పేది ఏ డబ్బా గురించీ కాదు. చంకల్లో సబ్బు నురగ కాసేపు ఉంచి కడగండి. తువ్వాలుతో పూర్తిగా తుడిచి, ఫ్యాను కింద ఆరాకే జాకెట్టో చొక్కానో వేసుకోండి. చాలామందికి ఈ ఒక్క పనితోనే సగం ఇబ్బంది తగ్గుతుంది.

డియోడరెంట్, యాంటీపెర్స్పిరెంట్ ఒకటే కదా?

కాదు. డియోడరెంట్ చెమటని ఆపదు. బ్యాక్టీరియాని తగ్గిస్తుంది, లేదా వాసనని కప్పేస్తుంది. యాంటీపెర్స్పిరెంట్‌లో అల్యూమినియం లవణాలు ఉంటాయి. అవి చెమట నాళాల మూతి దగ్గర జిగురులా గట్టిపడి కొన్ని గంటలపాటు చెమటని తగ్గిస్తాయి. డబ్బా వెనుక పదార్థాల జాబితాలో అల్యూమినియం క్లోరోహైడ్రేట్ లాంటి పేరుంటే అది యాంటీపెర్స్పిరెంట్ అన్నమాట.

‘సహజ డియోడరెంట్’ అని అమ్మేవి దాదాపు అన్నీ మొదటి రకమే. అవి రాసుకున్నా చెమట పడుతుంది, జాకెట్టు తడుస్తుంది. “ఇది పనిచెయ్యట్లేదక్కా” అని తిరిగి తెచ్చేవాళ్లలో చాలామందికి వాసన తగ్గే ఉంటుంది. తడి తగ్గలేదని వాళ్ల బాధ. కొనేముందే మీకు ఏది కావాలో తేల్చుకోండి.

అల్యూమినియం వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందంట, నిజమేనా?

ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో అలాంటి సంబంధం స్పష్టంగా కనిపించలేదు. అమెరికాలోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఇదే చెబుతోంది. చర్మం గుండా ఒంట్లోకి వెళ్లే అల్యూమినియం చాలా కొద్ది. వాట్సాప్‌లో వచ్చే వీడియో చూసి టెన్షన్ పడొద్దు. అయినా వద్దనిపిస్తే మానేయండి, అది మీ ఇష్టం. రొమ్ములో గడ్డ తగిలితే మాత్రం డియోడరెంట్ మార్చి ఊరుకోకుండా వెంటనే డాక్టరుకి చూపించుకోండి.

మా ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లున్నారు. వాళ్లు వాడొచ్చా?

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతంలో ఈ ప్రశ్న అడగని ఇల్లు తక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు నుంచి మా షాపుకి వచ్చేవాళ్లలో ఎవరో ఒకరి ఇంట్లో, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ఉంటుంది. ఈ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. డియోడరెంట్లు కారణమని ఎవరూ తేల్చలేదు, అలా భయపడక్కర్లేదు.

కానీ జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు. మంచి కిడ్నీలు ఒంట్లోకి వెళ్లిన అల్యూమినియాన్ని బయటికి పంపేస్తాయి. దెబ్బతిన్న కిడ్నీలు పంపలేవు. 1970లలో డయాలిసిస్‌కి వాడే నీళ్లలో అల్యూమినియం ఉండటం వల్ల కొందరు రోగుల మెదడు, ఎముకలు దెబ్బతిన్నాయి. ఈ లోహం విషయంలో వైద్యులు అప్పటి నుంచి జాగ్రత్త పడుతున్నారు. అమెరికాలో ప్రతి యాంటీపెర్స్పిరెంట్ డబ్బా మీద, కిడ్నీ జబ్బు ఉంటే వాడే ముందు డాక్టర్ని అడగమని రాయాలన్న నిబంధన ఉంది. మన దగ్గర డబ్బాల మీద అది కనిపించదు కాబట్టి నేనే చెబుతున్నాను. డయాలిసిస్‌లో ఉన్నవాళ్లు, క్రియాటినిన్ పెరిగినవాళ్లు అల్యూమినియం లేనిది వాడుకోవడం మేలు. డాక్టర్ని ఒకమాట అడగండి. పలాసలోనే 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. చెకప్‌కి వెళ్లినప్పుడు ఇలాంటి చిన్న ప్రశ్నలు అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంకోమాట. చంకలో రాసుకునేదాని కంటే నోట్లో పోసుకునేది ఎన్నో రెట్లు ముఖ్యం. కడుపులో మంటకి తాగే కొన్ని తెల్లటి యాంటాసిడ్ సిరప్‌లలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. ఒళ్లు నొప్పులకి డాక్టరు చీటీ లేకుండా కొనుక్కుని మింగే పెయిన్‌కిల్లర్లలో చాలావాటికి కిడ్నీల్ని దెబ్బతీసే గుణం ఉంది. డియోడరెంట్ గురించి అంత జాగ్రత్తగా అడిగిన మనిషే, వెళ్తూ వెళ్తూ నొప్పుల మాత్రలు ఓ స్ట్రిప్పు ఇమ్మంటే నాకు మనసు చివుక్కుమంటుంది. కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో ఆ మాత్రలు డాక్టరు రాయకుండా కొనొద్దు.

పటిక వాడితే మంచిదే కదా? అది సహజమైనదే కదా?

పటిక కూడా అల్యూమినియమే. పొటాషియం అల్యూమినియం సల్ఫేట్ దాని అసలు పేరు. గడ్డం గీశాక సెలూన్లో మొహానికి రుద్దేది, ‘క్రిస్టల్ డియోడరెంట్’ అని ఆన్‌లైన్‌లో ఎక్కువ ధరకి అమ్మేది, రెండూ ఒకే పదార్థం. వాటిలో కొన్నిటి మీద ‘అల్యూమినియం క్లోరోహైడ్రేట్ లేదు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మాట అబద్ధం కాదు, కానీ చదివేవాళ్లు అల్యూమినియమే లేదనుకుంటారు.

కిడ్నీలు బాగున్నవాళ్లకి పటిక చవకైన, బాగా పనిచేసే వస్తువు. స్నానం అయ్యాక తడి చంక మీద ముక్కని రెండుసార్లు తిప్పి ఆరనివ్వండి. కిరాణా కొట్లో దొరికే ముక్క నెలలకొద్దీ వస్తుంది. షేవింగ్ చేసిన వెంటనే రాస్తే మంట పుడుతుంది, మర్నాడు రాయండి.

డబ్బా మీద ‘సహజం’, ‘నాన్ టాక్సిక్’, ‘కెమికల్ ఫ్రీ’ అని ఉంటే నమ్మొచ్చా?

ఆ మాటల్ని బట్టి మాత్రం కొనొద్దు. మన కాస్మెటిక్స్ నిబంధనల్లో ఈ పదాలకి కొలత అంటూ లేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేస్తున్నారు. కెమికల్ లేని వస్తువే ఉండదు, నీళ్లు కూడా కెమికలే.

సహజమైనది హాని చెయ్యదన్న మాటకి మన పలాసలోనే జవాబు ఉంది. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు ఒకసారి చూడండి. పిక్క తొక్కలోంచి కారే జీడి ఏ ఫ్యాక్టరీలోనూ తయారైంది కాదు, చెట్టు ఇచ్చిందే. అందులో ఉండే అనకార్డిక్ ఆమ్లం, కార్డోల్ చర్మాన్ని కాల్చేస్తాయి, బొబ్బలు లేపుతాయి, వేళ్లు నల్లబడిపోతాయి. అందుకే చేతులకి నూనె, బూడిద రాసుకుని కొడతారు. ఆ పని చేసేవాళ్ల చర్మం ముందే దెబ్బతిని ఉంటుంది కాబట్టి, ఘాటైన నూనెలు ఉన్న ‘హెర్బల్’ క్రీములు వాళ్ల చేతులకి రాయొద్దని చెబుతాను. వాసన లేని వాసెలిన్ చాలు.

టీ ట్రీ, లావెండర్, నిమ్మ నూనెలు మొక్కల నుంచి వచ్చినవే. అవి చాలామందికి అలర్జీ తెస్తాయి. ముఖ్యంగా మూత తీసి చాలాకాలం గాలి తగిలిన సీసాలోవి. ‘పర్ఫ్యూమ్’ అన్న ఒక్క మాట వెనక పదులకొద్దీ పదార్థాలు ఉండొచ్చు. చర్మం సున్నితంగా ఉన్నవాళ్లు, సహజమైనదైనా కాకపోయినా, అసలు సువాసనే లేనిది వెతుక్కోండి.

డబ్బా మీద చూడాల్సినవి తయారీ లైసెన్సు నంబరు, కంపెనీ చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా. జాబితాలో ఎక్కువగా ఉన్నది ముందు, తక్కువది తర్వాత వస్తుంది. ‘కలబంద క్రీము’ అని ముందువైపు బొమ్మ ఉండి, కలబంద పేరు జాబితా చివర్లో ఉంటే మీకే అర్థమవుతుంది. ఇంగ్లిషు అక్షరాలు చిన్నవిగా ఉంటే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి, ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించుకోండి.

వంట సోడా, నిమ్మకాయ రాసుకోమని యూట్యూబ్‌లో చెప్పారు.

రెండూ వద్దు. మన చర్మం కొంచెం పుల్లటి వైపు ఉంటుంది, పీహెచ్ సుమారు 5. వంట సోడా 8 దాటుతుంది. రోజూ రాస్తే చర్మం పైపొర పాడై ఎర్రగా, గరుగ్గా తయారవుతుంది, ఆ తర్వాత నల్లబడుతుంది. ‘సహజ’ డియోడరెంట్ పడలేదని వచ్చేవాళ్ల డబ్బా తిప్పి చూస్తే, తరచుగా అందులో ఉండేది సోడియం బైకార్బొనేటే. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర, అంటే మరీ పులుపు. నిమ్మజాతి రసం రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలు లేచి, నెలల తరబడి మచ్చలు ఉండిపోతాయి. పొలం పనికి, చేపల పనికి వెళ్లేవాళ్లు అసలు రాయొద్దు.

మరి ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

మన కొబ్బరినూనె ఉంది కదా. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లమే, కొన్ని రకాల బ్యాక్టీరియాని అది తగ్గిస్తుంది. గానుగ నూనె మూడు చెంచాలు, పాలగుండ (ఆరోరూట్) పొడి రెండు చెంచాలు, మందుల షాపులో దొరికే జింక్ ఆక్సైడ్ పొడి ఒక చెంచా కలిపి చిన్న గాజు సీసాలో పెట్టుకోవచ్చు. పొడులు కలిపేటప్పుడు దుమ్ము పీల్చకండి. శనగగింజంత తీసుకుని ఆరిన చంకకి రాస్తే చాలు. ఎక్కువైతే జాకెట్టుకి జిడ్డు మరక పడుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి మన ఊళ్లో ఇది గట్టిగా ఉండదు. ఆన్‌లైన్‌లో కొన్న స్టిక్ కూడా మే నెలలో కారిపోయేది ఇందుకే. కొంచెం తేనెమైనం కరిగించి కలిపితే ఆగుతుంది. నీళ్లు తగలనివ్వకండి, తడి చేత్తో తీయకండి. నూనె పాడైన వాసన వచ్చిన రోజున పారేయండి.

ఇది కూడా కష్టమనిపిస్తే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా ఉంది. విరేచనం సాఫీగా అవడానికి తాగే మందే, రంగూ రుచీ కలపనిది అడగండి. దూదితో పలచగా అద్ది ఆరనిస్తే చాలామందికి వాసన బాగా తగ్గుతుంది. ధర తక్కువ, అల్యూమినియం లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దీన్ని తాగకూడదు, మెగ్నీషియం ఒంట్లో పేరుకుంటుంది. ఇంట్లో సీసా ఉంటే పెద్దవాళ్లకి ఆ మాట చెప్పి ఉంచండి.

సహజమైనదానికి మారాక వాసన ఎక్కువైంది. ఒంట్లో విషాలు బయటికి వస్తున్నాయంటున్నారు.

విషాలు చంకల్లోంచి రావు. ఒంట్లో వ్యర్థాలని తీసేది కాలేయం, కిడ్నీలు. యాంటీపెర్స్పిరెంట్ మానేశాక చెమట మళ్లీ పూర్తిగా పడుతుంది, అక్కడ ఉండే బ్యాక్టీరియా రకాలు కూడా మారతాయి. అందుకే కొన్నాళ్లు వాసన ఎక్కువగా అనిపిస్తుంది. చంకలకి మట్టి ప్యాకులు, ‘డిటాక్స్’ పేస్టులు కొనక్కర్లేదు. దురద, ఎరుపు, మంట ఉంటే మాత్రం అలవాటు పడుతుందని ఓపిక పట్టకండి. ఆ వస్తువు మీకు పడట్లేదు, ఆపేయండి.

కొత్తది పడుతుందో లేదో ముందే ఎలా తెలుసుకోవాలి?

మోచేతి లోపలివైపు, రూపాయి బిళ్ల అంత చోట, పూటకోసారి చొప్పున రోజుకి రెండుసార్లు వారం పది రోజులు రాయండి. అలర్జీ మొదటి రోజే కనిపించాలని లేదు. ఏమీ రాకపోతే చంకకి మొదలుపెట్టండి. ఒకేసారి కొత్త సబ్బు, కొత్త క్రీము, కొత్త డియోడరెంట్ మొదలుపెడితే ఏది పడలేదో ఎవరూ చెప్పలేరు. పెళ్లి ముందు వారం ప్రయోగాలు వద్దమ్మా.

సున్నిపిండి సంగతేమిటి? అమ్మమ్మల కాలం నుంచి ఉన్నదే కదా.

పెసలు, శనగపప్పు ఆడించుకుని చేసుకున్న సున్నిపిండి నాకూ ఇష్టమే. సబ్బుకి ఒళ్లు పొడిబారిపోయేవాళ్లకి బాగుంటుంది. గట్టిగా రుద్దకూడదు, అంతే. కానీ అందులో వేసే బావంచాల గురించి చెప్పాలి. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది చర్మం ఎండని తట్టుకోలేకుండా చేస్తుంది. బొల్లి మచ్చలకి వైద్యంలో వాడేది ఆ గుణాన్నే. రోజూ నలుగు పెట్టుకుని పదకొండు గంటల ఎండలో బయటికి వెళ్లే పిల్లలకి బావంచాలు లేకుండా ఆడించండి. పసుపు కొమ్ములు కొని ఆడించుకుంటే మేలు. విడిగా అమ్మే, మరీ మెరిసే పసుపు పొడిలో సీసం కలిసిన రంగు కల్తీ చేసిన కేసులు దేశంలో దొరికాయి.

తలకి కుంకుడుకాయ, శీకాయ మంచివే. కళ్లలో పడకుండా చూసుకోండి. సీతంపేట వైపు గిరిజనులు సేకరించిన కుంకుళ్లు, శీకాయ గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఆ సంస్థ దుకాణం దగ్గరలో ఉంటే అక్కడ అడిగి చూడండి.

పది రోజుల్లో తెల్లబడే క్రీము ఉందా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

అంత త్వరగా తెల్లబరిచే క్రీములో సాధారణంగా ఉండేది పాదరసమో, స్టెరాయిడో. పాదరసం చర్మం గుండా లోపలికి వెళ్లి కిడ్నీల్లో పేరుకుంటుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో లైసెన్సు లేని ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లకి మూత్రంలో ప్రొటీన్ పోయి, ఒళ్లు వాచి, కిడ్నీ జబ్బు బయటపడింది. 2023లో అక్కడి వైద్యులు ఈ కేసుల గురించి బయటికి చెప్పారు. మన దేశ నిబంధనల ప్రకారం మామూలు కాస్మెటిక్స్‌లో పాదరసం పొరపాటున కలిసినా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. పేరూ ఊరూ లేని డబ్బాల్లో ఎంత ఉందో ఎవరు కొలిచారు? కిడ్నీ జబ్బుతో ఇన్ని ఇళ్లు చితికిపోయిన ఉద్దానంలో, మన పిల్లలు డబ్బిచ్చి మరీ కిడ్నీకి విషం కొనుక్కోవడం నేను చూస్తూ ఊరుకోలేను.

స్టెరాయిడ్ క్రీములు మొదట్లో మొహాన్ని నున్నగా, తెల్లగా చూపిస్తాయి. నెలలు వాడాక చర్మం పలచబడి, ఎర్రటి నరాలు కనిపించి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట. చాలా స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం 2018లో నిబంధన తెచ్చింది. నేను అమ్మను. “పక్క షాపులో ఇస్తున్నారు మేడమ్” అంటారు. ఇస్తే ఇవ్వనీ, మీ అమ్మాయి మొహం అది.

పిల్ల నల్లగా ఉందని సంబంధం తప్పిపోయిందని తల్లులు నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు. ఆ రంగు జబ్బు కాదు, దానికి మందు లేదు.

టాల్కం పౌడర్ మానేయాలా?

మానేస్తే మంచిది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం టాల్క్‌ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే జాబితాలో చేర్చింది. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ 2023లో ప్రపంచమంతటా టాల్క్ బేబీ పౌడర్ అమ్మడం ఆపేసింది. పసిపిల్లలకి పౌడర్ కొట్టడం అస్సలు వద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

కాటుక, హెన్నా?

పసిపిల్లల కళ్లకి కాటుక పెట్టొద్దు. సుర్మాలో సీసం ఉండొచ్చు. దిష్టికైతే అరికాలికి చుక్క పెట్టండి. అసలైన గోరింటాకు ఎర్రగా, నారింజ ఛాయలో పండుతుంది, దానికి గంటలు పడుతుంది. నిమిషాల్లో నల్లగా పండే ‘హెన్నా’లో పీపీడీ అనే హెయిర్ డై రసాయనం ఉంటుంది, బొబ్బలెక్కే అలర్జీ తెస్తుంది.

ఏ బట్టలు వేసుకుంటే వాసన తక్కువ?

నూలు. పాలిస్టర్ బట్ట వాసనని పట్టి ఉంచుతుంది, ఉతికాక కూడా వేడి తగలగానే మళ్లీ కంపు కొడుతుంది. మన పొందూరు ఖాదీ చూడండి, వాలుగ చేప దవడతో ఏకిన దూదితో వడికే సన్న నూలు. అది అందరూ కొనగలిగేది కాదు, మామూలు కాటన్ జాకెట్టు చాలు. వాసన పట్టిన జాకెట్ల చంకల్ని ఉతికేముందు వెనిగర్ కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టండి. వంట సోడా చర్మానికి వద్దన్నాను గానీ, బట్టలకి వాడుకోవచ్చు. నైటీల విషయంలో కూడా ఇదే మాట.

చంకలు నల్లబడ్డాయి. ఏ క్రీము రాయాలి?

ముందు కారణం చూడాలి. బిగుతు జాకెట్టు రాపిడి, రేజరు, పడని డియోడరెంట్ వల్ల నల్లబడితే వాటిని మానేస్తే మెల్లగా తగ్గుతుంది. మెడ వెనక కూడా నల్లగా, మందంగా, మెత్తటి ముఖమల్ గుడ్డలా ఉంటే షుగర్ పరీక్ష చేయించండి. ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యకపోతే అలా వస్తుంది. గుండ్రంగా అంచు ఎర్రగా, దురదగా ఉంటే తామర కావచ్చు. దానికి స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తే ఇంకా ముదురుతుంది.

రాత్రిళ్లు దుప్పటి తడిసేంత చెమట, జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్షకి వెళ్లండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. చంకల్లో పదేపదే గడ్డలు లేచి చీము కారుతుంటే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మా డ్వాక్రా గ్రూపు సబ్బులు, సున్నిపిండి చేసి అమ్మాలనుకుంటోంది. లైసెన్సు కావాలా?

కావాలి. చర్మానికి రాసుకునే కాస్మెటిక్ ఏది తయారుచేసి అమ్మినా రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి తయారీ లైసెన్సు తీసుకోవాలి, సహజమైనదైనా సరే. ముందు జిల్లాలోని డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్లి అడగండి. పెట్టుబడి పెట్టి అచ్చులు, డబ్బాలు కొనేశాక కాదు.